సారె చీమలు

మా మేనకోడలు దమయంతి మొగుడు దాలినాయుడు, మాడిపోయిన జీడిపూత కొమ్మల్ని గోనెసంచిలో చుట్టుకుని మా పరిశోధన కేంద్రానికి వచ్చిన రోజున నేను ఎవరి మీద విరుచుకుపడదామా అన్నట్టున్నాను. మేం తయారుచేసిన చీమల్ని వలల్లోంచి బయటి తోటల్లోకి వదలడానికి అనుమతి అడిగితే, పైవాళ్ళు మళ్ళీ ‘ఇంకొంతకాలం చూడండి’ అని రాశారు. చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. వాళ్ళకేం పోయింది, ఉద్దానంలో జీడితోట ఎలా ఉంటుందో చూసిన మొహాలు కావు.

అల్లుడు వరసైన వాడు కదా అని కోపం మింగి కుర్చీ చూపించాను. అతను కుర్చీ అంచున కూర్చుని, ఇంటి క్షేమసమాచారాలు చెప్పి, దమయంతికి అయిదో నెల వచ్చిందని సిగ్గుపడుతూ చెప్పి, అప్పుడు సంచి విప్పాడు. పూతంతా నల్లగా మాడి ఉంది. పిందెలు ముడుచుకుపోయాయి. ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

చూడగానే తెలిసింది, టీ దోమ. పేరుకు దోమే గాని నల్లి జాతి పురుగు. లేత చిగురునీ పూతనీ పొడిచి రసం పీలుస్తుంది. పొడిచిన చోటల్లా మాడిపోతుంది. ఇంత దాకా వచ్చే వరకు మందు కొట్టకుండా ఏం చేస్తున్నారని గదమాయించాను.

“మందు మానీసినాం కదండీ,” అన్నాడు దాలినాయుడు. “మీ సారె సీమలొచ్చిన కాడినుంచి మా ఊల్లో ఎవులూ కొట్టనేదు.”

సారె చీమలు ఏమిటో నాకు అర్థం కాలేదు. అతను నా మొహం చూసి, నేను పరాచికాలాడుతున్నాననుకుని నవ్వాడు. కరవని చీమలండీ, అన్నాడు. పిల్లతో పాటు సారెలో వచ్చినవి. అవి మా వలలు దాటకూడని చీమలు.

ఆ చీమల సంగతి చెప్పాలి. జీడిచెట్టు మీద ఎర్రచీమలు గూళ్ళు కట్టుకుంటే టీ దోమ దగ్గరికి రాదని ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. ఆకుల్ని ఒకదానికొకటి కుట్టి గూడు చేసుకునే ఈ చీమలు చెట్టు మీద పరాయి పురుగు కనిపిస్తే ముక్కలు చేసేస్తాయి. చిక్కేమిటంటే మనుషుల్నీ వదలవు. గింజలేరడానికి వచ్చిన ఆడవాళ్ళ మెడల్లో, జాకెట్లలో దూరి కొరికి, కొరికిన చోట మండే ఆమ్లం చిమ్ముతాయి. అందుకని రైతులు ముందు పొడి జల్లి చీమల్ని చంపుతారు, ఆ తరవాత టీ దోమకి మందు కొడతారు. కాపలావాణ్ణి చంపుకుని దొంగకోసం కర్రలు కొనుక్కోవడం అన్నమాట.

చీమకి కళ్ళున్నా వాటిని పెద్దగా నమ్మదు. మీసాలు ఆనించి వాసన చూసి, ఇది మనది, ఇది పరాయిది అని తేల్చుకుంటుంది. అలా తేల్చే జన్యువుని మేం కొంచెం సడలించాం. మనిషి చెమట వాసన తగిలితే ‘మనవాళ్ళే’ అనుకునేలా చేశాం. అంతే. చేసింది చాలా చిన్న పని అని అందరికీ చెప్పుకునేదాన్ని. కేంద్రంలో ముదురు చెట్లు లేవు కాబట్టి, రట్టవలసలో మా అన్నయ్య కూర్మారావు తోటలో కొన్ని చెట్లకి సన్నటి వలలు కట్టి వాటిలో ఈ చీమల్ని పెంచుతున్నాం. వల దాటి ఒక్కటి కూడా బయటికి పోలేదని మొన్ననే పైవాళ్ళకి నా చేత్తో రాసి పంపాను.

దాలినాయుణ్ణి పంపించి ఆ సాయంత్రమే రట్టవలస వెళ్ళాను. మా అన్నయ్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. అడిగితే బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు సరికదా, ఇన్నాళ్ళకి ఎవరో గుర్తించి అడిగారన్నట్టు సంబరపడ్డాడు.

కూతురు దమయంతి పెళ్ళి మాటలకి ఇసకపాలెం నుంచి దాలినాయుడి వాళ్ళు వచ్చినప్పుడు తోట చూపించాడట. వల పైకెత్తి, చేతిని మణికట్టు దాకా గూట్లోకి పెట్టి తీసి, ఒక్కటి కూడా కరవలేదు చూడండి అన్నాడట. పెళ్ళికొడుకు తల్లి గున్నమ్మ అది చూసి, ఇలాంటివి మాకూ ఉంటే ఎంత బాగుణ్ణు అందట. మగపెళ్ళివారి ఆడమనిషి నోరు తెరిచి ఒక్క మాట అన్నాక ఇంకేముంది. పిల్లని పంపే రోజున అరిసెలు, లడ్లు, చలిమిడి బిందె, పసుపు కుంకాలతో పాటు కొత్త వెదురుబుట్టలో కొమ్మతో సహా ఒక గూడు పెట్టి, పైన తెల్లగుడ్డ కట్టి కావిడెక్కించాడు. మేనత్తని కాబట్టి బుట్టలన్నిటికీ బొట్టు పెట్టింది నేనే. దానికీ పెట్టే ఉంటాను.

ఇక్కడ దాకా విని నేను మరీ కంగారు పడలేదు. ఈ చీమల ఒక్కో గుంపుకి గూళ్ళు చాలా ఉంటాయి, తల్లిచీమ ఒక్క గూట్లోనే ఉంటుంది. మిగిలిన గూళ్ళలోవి పనిచీమలు. వాటికి సంతానం లేదు, కొన్నాళ్ళు బతికి అంతరించిపోతాయి. ఈ సంగతి అన్నయ్యకి నేనే నేర్పాను. పొరపాటున బయటికి పోయినా భయం లేదని ధైర్యం చెప్పాను. ఏ గూడు పంపావని అడిగాను.

“ఏటి ఆ అడగడం,” అన్నాడు అన్నయ్య, నొచ్చుకున్నట్టుగా. “తల్లి ఉన్న గూడే. నాలుగు పొద్దులు ఎతికి పట్టినాను. గొడ్డుబోయిన వాటిని ఆడపిల్ల ఎనకాతల పంపుతానేటి?”

పెళ్ళయిన ఏడు ఒక వలలో చీమలు అంతరిస్తే, తల్లి ముసలిదై చచ్చిందని రాసుకున్నది నేనే. గొడ్డుటావుని, పూత రాని మొక్కని, చిల్లు బిందెని ఆడపిల్లతో అత్తారింటికి పంపరు. ఇది మా ఇద్దరికీ మా అమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. నేను అన్నయ్యకి శాస్త్రం నేర్పితే, అన్నయ్య దాన్ని తు.చ. తప్పకుండా విని, విన్నదాన్ని పట్టుకుని సరిగ్గా తల్లిచీమని వెతికి పట్టి పంపాడు. తిట్టడానికి నాకు మొహమెక్కడిది. ఆయన స్థానంలో నేనుంటే, జన్యువుల గురించి నాకేమీ తెలియకపోతే, నేనూ ఆ గూడే వెతికేదాన్ని. తెలిసినా ఏం చేసేదాన్నో ఒట్టేసి చెప్పలేను.

మర్నాడు ప్రయోగశాలలో దాలినాయుడి కొమ్మల మీద దొరికిన టీ దోమల్ని నా సహోద్యోగి నీలవేణి ఒక గాజుపెట్టెలో వేసింది. పక్క పెట్టెలో మేం పెంచే టీ దోమల్ని వేసింది. రెండిట్లోకీ మా చీమల్ని వదిలాం. మా దోమల పెట్టెలో రెప్పపాటులో అంతా అయిపోయింది, రెక్కలు మిగిలాయి. ఇసకపాలెం దోమల దగ్గరికి ఒక చీమ వెళ్ళి మీసాలు ఆనించింది. ఆగింది. మళ్ళీ ఆనించింది. పక్కనుంచి దారి చేసుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి నీలవేణి నన్ను మోచేత్తో పొడిచి చూడమంది. రెక్కలు రాని పిల్లదోమ ఒకటి పెట్టె అడుగున వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఒక చీమ వచ్చి దాన్ని నోట కరుచుకుంది. చంపుతుందనుకున్నాం. అది పిల్లని ఎత్తుకున్నంత పదిలంగా దాన్ని ఎత్తుకుని, లేత చిగురు దాకా మోసుకెళ్ళి, అక్కడ దింపి వెళ్ళిపోయింది.  

మేం మార్చని మామూలు అడవి చీమల్ని తెచ్చి అదే పెట్టెలో వేస్తే ఆ దోమల్ని ముక్కలు ముక్కలు చేశాయి. అంటే దోమలో మార్పు మా చీమల కోసం వచ్చిన మార్పు. మనిషి చెమటలో ఉండే కొవ్వు వాసన లాంటిది ఏ కొద్ది దోమలకో పుట్టుకతో ఒంటి మీద ఉండి ఉంటుంది. మా చీమలు ‘మనవే’ అనుకుని వాటిని వదిలేశాయి. మిగిలినవన్నీ చచ్చాయి, వదిలేసినవి పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లల్లో వాసన ఇంకొంచెం బాగా ఉన్నవి మిగిలాయి. నెలకొక తరం చొప్పున ఈ రెండేళ్ళలో ఊరంతా అవే నిండాయి. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరికీ తెలివి లేదు. తలుపు కొంచెం తీసి పెట్టింది మేం.

మరి మా వలల్లో ఇది ఎందుకు బయటపడలేదు? అక్కడ దోమల్ని ప్రతిసారీ మా డబ్బాల్లోంచి కొత్తగా తెచ్చి వదిలేవాళ్ళం. బతికిపోయిన దోమ ఉంటే గింటే, పరీక్ష అయిపోగానే మేమే ఏరి పారేసేవాళ్ళం. మా పద్ధతి శుభ్రమైన పద్ధతి. బతికిన దానికి పిల్లలు పుడితే ఏమవుతుందో చూడ్డానికి అందులో వీలే లేదు. పైవాళ్ళు ఇంకొంతకాలం చూడమన్నది మంచికేనా అని తోచింది. వెంటనే, ఇంకో ఇరవయ్యేళ్ళు ఆ వలల్లో చూసినా కనబడేది కాదు కదా అనీ తోచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

కంచే చేను మేస్తే ఏం చేస్తాం, కంచె పీకాలి. మా చీమలు పోతే సరుగుడు తోటల్లోంచి అడవి చీమలు వాటంతట అవే వస్తాయి, దోమల్ని తింటాయి. మనుషుల్ని కరుస్తాయి, కరవనీ. అయితే తొలకరి లోపల జరగాలి. కొత్తచోట గుంపు రెండేళ్ళకి గాని ముదరదు, ఈ ఏడు మొదటి వాన పడగానే రెక్కలొచ్చిన పిల్ల తల్లిచీమలు ఎగిరిపోతాయి. అవి ఒకసారి ఎగిరాయా, ఉద్దానం జీడి ఉద్దానానికి దక్కదు.

అన్నయ్యని వెంటబెట్టుకుని ఇసకపాలెం వెళ్ళాను. సముద్రం ఒడ్డున ఇసకలో ఊరు. దారిలో కనబడిన ప్రతి జీడిచెట్టు మీదా గూళ్ళు వేలాడుతున్నాయి. సారె వస్తే అరిసెలు, లడ్లు ఊళ్ళో ఇంటింటికీ పంచుతారు కదా. గున్నమ్మ చీమల్నీ అలాగే పంచింది. తన పెరటి చెట్టు మీద గూళ్ళు పెరిగిన కొద్దీ కొమ్మలు కోసి, మా కోడలి సారె అని చెప్పి, ఇంటికో గూడు ఇచ్చింది. ఊళ్ళో చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉండబట్టి, పెరట్లోని తల్లిచీమ పిల్లలే ఆ దారిన అన్ని గూళ్ళకీ చేరుతూ వచ్చాయి. పోయినేడాది కాపు విరగకాసింది. ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ గింజలేరారు. ఆ పిల్ల కాలు పెట్టిన వేళ, చీమలు సైతం కరవడం మానేశాయి అని ఊరు ఊరంతా చెప్పుకుంది. ఈ ఏడు పూత మాడుతుంటే అదే ఊరు వేరే మాట అనడానికి గొంతు సవరించుకుంటోంది.

గున్నమ్మ మాకు మజ్జిగిచ్చి, చాప వేసి కూర్చోబెట్టింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.  ఆవిడ అంతా విని, చాప ఈనె ఒకటి గిల్లి పారేసింది.

“సారె ఎనక్కి తీసుకెల్తే పిల్లనీ తీసుకెల్లాల వొదినా,” అంది. “మా కాడ అదే లెక్క.”

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. వాన పడితే తడుస్తాం అన్నట్టు అంది. అది బెదిరింపో, బతిమాలుకోవడమో నాకు బోధపడలేదు.  మా కులంలో, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో, సారె తిరిగి వచ్చిందంటే కాపురం తెగిందనే అర్థం. అయిదో నెల కడుపుతో ఉన్న పిల్ల. ఏం చెప్పినా ఊరి నోరు మూయించలేం. నోరు మూసుకుని ఇంటికి పోతే పిల్ల కాపురం నిలబడుతుంది, జీడినే నమ్ముకున్న ఈ ఊళ్ళన్నీ రెండేళ్ళలో వలసపోతాయి. ఇదేదో కొత్త తెగులు, మేం మందు కొడతాం, చీమలు వాటంతటవే చస్తాయి అని అబద్ధమాడదామా అని కూడా ఆలోచించాను. మందు కొట్టినా, పొడి జల్లినా పైన తిరిగేవే చస్తాయి, గూడు లోపలి తల్లి చావదు. ఆ అబద్ధం కూడా పనికిరానిదే.

అంతలో దమయంతి వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో.

“ఎవులు తీసుకెల్తారు ఎనక్కి?” అంది. “సారె నాది. మా నాన్న నాకిచ్చినాడు. ఉంచుకుంటే ఉంచుకుంటాను, పారేసుకుంటే పారేసుకుంటాను. పుట్టింటికెల్లేది ఏటీ నేదు.”

గున్నమ్మ తలెత్తి చూసింది. కడుపుతో ఉన్నదానివి, జీవాన్ని చంపకూడదు, ఆ పని ఇంకెవరైనా చేస్తారులే అంది. ఇంకెవరు చేసినా అది వెనక్కిచ్చినట్టే అవుతుంది కదా అత్తా అంది దమయంతి.   గున్నమ్మ లేచి వెళ్ళి గంగాళం తెచ్చి పెరట్లో దించింది.

గంగాళం నిండా నీళ్ళు పోసి సబ్బు కరిగించాం. సబ్బునీళ్ళలో చీమ తేలదు, మునిగిపోతుంది. పెరట్లో ముసలి జీడిచెట్టు కొమ్మలు నేలబారుగా పాకి ఉన్నాయి. మొదటి గూడు, మా అన్నయ్య పంపిన గూడు, అందులోనే ఉంది. తరవాత ఊళ్ళో ఒక్కో ఇంటికీ వెళ్ళి, నేనిచ్చింది నేనే తీసుకుంటున్నాను అని దమయంతే అడగాలని అనుకున్నాం. అప్పటికే గోడవతల నలుగురు చేరారు. దమయంతి చెంగు దోపుకుని, కత్తితో కొమ్మ కోసి, గూటిని రెండు చేతులా చీల్చింది.

అడవి చీమల గూడు చీలిస్తే వేలకు వేలు బయటికి వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి మీద పడతాయి. ఇవి అలా రాలేదు. గూడు పడిపోతున్నప్పుడు ఏ చీమైనా చేసేదే ఇవీ చేశాయి. తెల్లటి పిల్లల్ని నోట కరుచుకుని, దాచుకోవడానికి చోటు వెతుక్కున్నాయి. తమ ఇంటి వాసన ఎక్కడ ఉంటే అదే పదిలమైన చోటు. దమయంతి చేతుల మీదికి ఎక్కాయి. మోచేతి మడతలో పిల్లల్ని పెట్టాయి. చీర కుచ్చిళ్ళలో, భుజం మీద, పొట్ట మీద మడతపడ్డ బట్టలో పెట్టాయి. పెట్టి, చుట్టూ తిరిగి నిలబడి, బయటికి మొహాలు చేసి కాపలా కాశాయి.

దమయంతి గంగాళం ముందు చేతులు చాపి నిలబడిపోయింది.

“సిన్నత్తా,” అంది, నా వైపు తిరగకుండా. “ఇయి పిల్లల్ని నా కాడ దాసుకుంటన్నాయి.”

నాకు ఏడుపొచ్చింది. ఈ చీమ గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ‘మనవాళ్ళే’ అని నేర్పితే కరవడం మానేస్తుందని తెలుసు. మనవాళ్ళు అనుకున్నాక ఆపదలో మన దగ్గరికే వస్తుందని ఎందుకు తట్టలేదో చెప్పలేను.  

గున్నమ్మ వచ్చింది. జాకెట్టు చేతులు పైకి లాక్కుని, తన చేతిని కోడలి చేతికి ఆనించి పట్టుకుంది. చీమలు ఒక్క క్షణం మీసాలు ఆనించి, ఆవిడా తమ మనిషే అని తేల్చుకుని, పిల్లల్ని మోసుకుంటూ ఈ చేతి మీంచి ఆ చేతి మీదికి దాటాయి. కుచ్చిళ్ళలోవి కూడా ఓపిగ్గా దాటించుకుంది ఆవిడ. ఎంత సేపు పట్టిందో తెలియదు. 

“పారేసుకున్నది నువ్వు,” అంది గున్నమ్మ చివరికి. “ముంచేది నాను. ఇంట్లోకెల్లమ్మా.”

దమయంతి వెళ్ళలేదు. రెండడుగులు వెనక్కి వేసి అక్కడే నిలబడింది. గున్నమ్మ వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది.

గోడవతల ఎవరో గేటు తీశారు. ఒకావిడ తన పెరట్లోని గూడు కొమ్మతో సహా కోసి, బుట్టలో పెట్టుకుని తెచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొందరు. దమయంతి ఏ ఇంటికీ వెళ్ళి అడగనక్కరలేకపోయింది. వాళ్ళు జాలిపడి వచ్చారో, పీడ వదిలించుకోవడానికి వచ్చారో, మొహాలు చూస్తే తెలియలేదు. రెక్కల తల్లులు ఈ గూళ్ళలో ఎన్నున్నాయో, ఎన్ని ఈపాటికే దాటిపోయాయో, రేపు రాబోయే అడవి చీమలైనా ఎన్నాళ్ళు కాపలా కాస్తాయో నాకు తెలియదు. చేస్తున్నది తప్పు దిద్దడమా, ఇంకో తప్పు చేయడమా అన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

చూసుకునే సరికి నా చేతి మీద కూడా ఉన్నాయి. ఎప్పుడు ఎక్కాయో, మణికట్టు దగ్గర తెల్లటి పిల్లల్ని కుప్పపోసి చుట్టూ నిలబడ్డాయి. గున్నమ్మ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను గంగాళం దగ్గర కూర్చుని చేతిని మోచేతి దాకా నీళ్ళలో పెట్టాను. మునిగేటప్పుడు కూడా ఒక్కటీ కరవలేదు.